డోరు మూసి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒంగోలు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం చదివాను. పదిహేనేళ్ల నాటి కారు. పవర్ విండో అద్దం ఒకసారి పైకి వస్తుంది, ఒకసారి రాదు. ముగ్గురికి చూపించారు, మోటారు మార్పించారు, ఎనిమిది వేలు ఖర్చయింది, అయినా అదే తంతు. చివరికి విసిగిపోయి, పాత కారు పెట్టుకోవడమే తప్పని, వచ్చిన కాడికి అమ్మేస్తున్నామని రాశారు. ఆ మాట చదివి నాకు చాలా బాధ కలిగింది. ఎందుకంటే ఆరు నెలల కింద మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, తప్పు కారుది కాదని తేలింది. ఆమె కారు అమ్మేలోపే ఇది అచ్చయితే బాగుండునని వెంటనే రాస్తున్నాను.

నేను టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింటరుగా, అంటే భూమిలోని టెలిఫోన్ తీగలు అతికే పనిలో, ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. కావలి, బిట్రగుంట, అల్లూరు, ఉలవపాడు, ఈ చుట్టుపక్కల రోడ్డు పక్కన నేను దిగని గుంట లేదు. పూర్తిగా చచ్చిన లైనును పట్టుకోవడం తేలిక. వాన పడితే మూగబోయి, ఎండ రాగానే మళ్లీ మోగే లైను ఉంటుందే, అది మనిషికి నిద్ర పట్టనివ్వదు. మనం వెళ్లి చూసేసరికి బాగుంటుంది, వెనక్కి తిరగ్గానే మళ్లీ పోతుంది. కారు అద్దం జబ్బు కూడా అచ్చం అలాంటిదే. అందుకే నాకు తెలిసింది చెప్పాలనిపించింది.

మా కారు 2008లో మా అబ్బాయి కొన్నది. వాడు బెంగళూరు వెళ్లిపోతూ మాకు వదిలేశాడు. నేనూ నా భార్యా నెల్లూరులో ఆసుపత్రికీ, ఏడాదికోసారి పెంచలకోనకూ, ఒంగోలులో ఉన్న మా అమ్మాయి ఇంటికీ దాన్లోనే తిరుగుతాం. ఇంజను ఈ రోజుకీ చక్కగా ఉంది.

పోయిన నవంబరులో ఒంగోలు నుంచి వస్తున్నాం. టంగుటూరు టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ చదవలేదు. చేతి మిషను పట్టుకుని ఒక అబ్బాయి వచ్చాడు. అతనితో మాట్లాడదామని నా పక్క అద్దం దించాను. మళ్లీ స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. సింగరాయకొండ దాటకముందే వాన పట్టుకుంది. ఆ వాన మీకు తెలుసు కదా, ఏటవాలుగా కొట్టేది. దానికి తోడు పక్కనుంచి పోయే లారీల చక్రాల నీళ్లు. నా కుడి చెయ్యి, తొడ, సీటు, డోరు మీద ఉన్న స్విచ్‌లు అన్నీ తడిసి ముద్దయ్యాయి. నా భార్య వెనక సీటులోంచి తువాలు చాచి కిటికీకి అడ్డం పట్టుకుని కూర్చుంది. ఆమెకు భుజం నొప్పి. కావలి దాకా ఆ చెయ్యి దించలేదు.

ఇంటి ముందు ఆపి, డోరు తీసి ఒక కాలు కింద పెట్టి, ఊరికే మరోసారి స్విచ్ లాగి చూశాను. అద్దం మెత్తగా పైకి వెళ్లిపోయింది. ఆ క్షణంలోనే నాకు జవాబు దొరికినట్టు, కానీ ఆ రోజు దాన్ని నేను గుర్తుపట్టలేదు.

మర్నాడు షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ కుర్రాడు మంచివాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. డోరు బార్లా తెరిచి, సీటు అంచున కూర్చుని, పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ పనిచేసింది. "ఏం లేదు సామీ, బాగానే ఉంది" అన్నాడు. ఇంటికొచ్చేలోపు మళ్లీ ఆగింది. రెండోసారి వెళ్తే, కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు క్లిప్పును కారు బాడీకి తగిలించి, స్విచ్ దగ్గర పిన్నుతో గుచ్చి చూశాడు. ల్యాంపు వెలిగింది. "కరెంటు వస్తా ఉంది సామీ, మోటారే వీకయింది" అని మోటారు మార్చాడు. మూడు వేల ఆరు వందలు. రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో రోజు మళ్లీ అదే. ఈసారి స్విచ్ మీద అనుమానం వచ్చింది, దానికో వెయ్యీ తొమ్మిది వందలు అన్నాడు. అప్పుడు నేను ఆగమన్నాను.

మోటారు మార్చాక ఆ రెండు రోజులు ఎందుకు పనిచేసిందన్నది నన్ను వదల్లేదు. డోరు ప్యాడ్ ఊడదీసి, లోపలి వైర్లు లాగి, మళ్లీ సర్ది బిగిస్తారు. ఆ కదలికకు ఎక్కడో తెగిన చోట రెండు కొసలు తాత్కాలికంగా ఆనుకుంటాయి. మార్చిన వస్తువు వల్ల బాగుపడిందని అందరం అనుకుంటాం. మా గుంటల్లోనూ ఇంతే. కేబుల్ కదిలించి వస్తే లైను బాగవుతుంది, వారం తిరక్కుండా మళ్లీ కంప్లయింటు.

ఇక ఒక ఆదివారం ఉదయం నేనే కూర్చున్నాను. తాళం తిప్పి ఆన్‌లో పెట్టి, డోరు మూసి స్విచ్ నొక్కాను. లేదు. మిగతా మూడు అద్దాలూ ఒక్కొక్కటే నొక్కాను. అవీ లేవు. నా భార్యను వెనక కూర్చోబెట్టి ఆ డోరు మీది స్విచ్ నొక్కమన్నాను. అదీ లేదు. ఇన్నాళ్లూ నా పక్క అద్దం ఒక్కటే పోయిందనుకున్నాను, ఎందుకంటే నేను దించేది అదొక్కటే. నాలుగు మోటార్లు ఒకేసారి చచ్చి ఒకేసారి బతకవు కదా. అంటే తప్పు నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. ఆ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే మోటారు డబ్బులు మిగిలేవి.

తర్వాత స్విచ్ మీద వేలు తీయకుండా డోరును నెమ్మదిగా తెరిచాను. జానెడు తెరుచుకోగానే అద్దం కదిలింది. మూస్తే ఆగింది. తెరిస్తే కదిలింది. అంతే, దొరికిపోయింది.

డోరు కీళ్ల దగ్గర, డోరుకూ బాడీకీ మధ్య మడతలు మడతలుగా ఒక నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది. డోరులోకి వెళ్లే వైర్లన్నీ దాన్లోంచే పోతాయి. డోరు తీసిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగుతాయి. రోజుకు పదిసార్లు డోరు తీశామనుకున్నా ఏడాదికి 3,650 సార్లు. పదిహేడేళ్లకు 62 వేల సార్లు. రాగి పోగు ఎంత కాలమని తట్టుకుంటుంది? డ్రైవరు డోరే అందరికన్నా ఎక్కువసార్లు తెరుచుకుంటుంది కాబట్టి ముందు అదే పోతుంది.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆ గొట్టాన్ని బాడీ వైపు నుంచి వెనక్కి జరిపి, వైర్లు ఒక్కొక్కటే రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాను. బాగున్న వైరు సాగదు. లోపల రాగి తెగిపోయి పైన తోలు మాత్రమే మిగిలిన వైరు రబ్బరులా సాగుతుంది. లావుపాటి నల్ల వైరు సాగింది. తోలు మీద గీత కూడా లేదు. కోసి చూస్తే లోపల రాగి పోగులు తెగి, కొసలకు పచ్చగా చిలుము పట్టి ఉంది. తుమ్మలపెంట సముద్రం మాకు దగ్గరే, ఆ ఉప్పు గాలికి రాగి పచ్చబడడం నాకు కొత్త కాదు. పక్కనున్న ఇంకో రెండు వైర్లు సగం సగం తెగి ఉన్నాయి.

ఆ నల్ల వైరు స్విచ్‌లకు ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి. మెకానిక్ ల్యాంపు ఎందుకు మోసం చేసిందో అప్పుడు అర్థమైంది. అతను ల్యాంపు క్లిప్పును బాడీకి పెట్టాడు. వచ్చే కరెంటు వైరు బాగానే ఉంది, బాడీ ఎలాగూ ఎర్తే, కాబట్టి ల్యాంపు వెలిగింది. కానీ మోటారు ఆ బాడీని వాడుకోదు, స్విచ్‌కు వచ్చిన నల్ల వైరులోంచే కరెంటు తిరిగి వెళ్లాలి. ఆ తిరుగు దారి తెగిపోయింది. టెలిఫోన్‌కు రెండు తీగలు. ఒకటి బాగుండి ఒకటి తెగినా ఫోను మోగదు. మేము ఎప్పుడూ రెండూ చూస్తాం. అందుకని ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లకు నా మనవి, ల్యాంపు రెండో కొసను బాడీకి కాకుండా అదే స్విచ్ కనెక్టర్‌లో ఉన్న ఎర్త్ పిన్నుకు పెట్టి చూడండి. అదీ డోరు మూసి.

మీటరు గురించి కూడా ఒక మాట. ఇరవై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా, లోడు లేనప్పుడు డిజిటల్ మీటరు నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. మీటరు లాగే కరెంటు దాదాపు ఏమీ లేదు. అద్దం మోటారుకు ఐదు, పది ఆంపియర్లు కావాలి, అద్దం బిగుసుకుంటే ఇంకా ఎక్కువ. ఆ ఒక్క పోగు అంత మోయలేదు. అందుకే మీటరు కన్నా వెనక బ్రేకు లైటులో వాడే 21 వాట్ల బల్బు నమ్మకం. అది దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది, దారి బలహీనంగా ఉంటే మసకగా వెలిగి విషయం చెప్పేస్తుంది. మీటరే వాడాలనుకుంటే ఒక కొస స్విచ్ ఎర్త్ పిన్నుకు, ఇంకో కొస బాడీకి పెట్టి, స్విచ్ నొక్కి పట్టుకుని చూడండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. వోల్టుల్లో కనబడితే ఎర్త్ పోయినట్టే.

బాగుచేసే పద్ధతి చెప్పకుండా వదిలితే సగం పనే. తెగిన చోటే రెండు కొసలు మెలిపెట్టి టేపు చుడితే ఆరు నెలలు కూడా ఆగదు. సోల్డరింగ్ పెట్టినా వంగే చోట పెడితే ఆ సీసం అంచున గట్టిపడి అక్కడే మళ్లీ తెగుతుంది. నేను దెబ్బతిన్న ముక్కను మొత్తం తీసేసి, సన్న పోగులున్న మెత్తటి వైరును, పాతదానికన్నా ఏమాత్రం సన్నం కాకుండా చూసి వేశాను. ఒక జాయింటు డోరు లోపల, రెండోది బాడీ లోపల కాలి దగ్గర ప్లాస్టిక్ కవరు వెనక. మధ్యలో వంగే భాగమంతా జాయింటు లేని ఒకే వైరు. డోరు పూర్తిగా తెరిచినా లాగుకోకుండా కొంచెం వదులు ఇచ్చాను. సగం తెగిన ఆ రెండింటినీ అప్పుడే మార్చేశాను. వైరు, స్లీవులు కలిపి రెండు వందలు కూడా కాలేదు. రెండు గంటలు పట్టింది.

ఇక్కడితో అయిపోలేదు. సంక్రాంతికి మా అమ్మాయి వచ్చినప్పుడు ఎడమ ముందు అద్దం కొత్త పేచీ పెట్టింది. కిందికి దిగుతుంది, పైకి రాదు. మళ్లీ వైరేనా అని నా భార్యకు టెన్షన్. మోటారు వైరు కాదని వెంటనే చెప్పగలిగాను. మోటారుకు ఉన్నవి రెండే తీగలు. పైకైనా కిందికైనా ఆ రెంటిలోనే, దిశ మార్చి కరెంటు పోతుంది. కిందికి దిగిందంటే ఆ తీగలు బాగున్నాయి, మోటారూ తిరుగుతోంది. ఎక్కువగా అనుమానించాల్సింది స్విచ్ లోపలి కాంటాక్ట్. మా కారులో పక్క డోరు మోటారుకు ఎర్త్ కూడా డ్రైవరు డోరు మీది, నాలుగు అద్దాలనూ నడిపే మాస్టర్ స్విచ్ గుండానే వెళ్తుంది, చాలా పాత కార్లలో అంతే. ఆ స్విచ్ విప్పి చూస్తే నవంబరు వాన దిగి కాంటాక్టులకు చిలుము పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో కడిగి ఆరబెట్టి బిగించాను. అప్పటినుంచి మళ్లీ ముట్టుకోలేదు. మొదటి జబ్బు వల్ల అద్దం తెరిచి ఉండిపోయి, వాన పడి, రెండో జబ్బు పుట్టింది. ఒకే కారులో రెండు తప్పులు ఉన్నప్పుడే ఎవరికైనా తల తిరుగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి విడదీసి చూసుకోవాలి.

ఒంగోలు ఆవిడ ఏ అద్దమో రాయలేదు. అందుకని ఇంకొన్ని సంగతులు కూడా చెబుతాను. రాత్రిపూట కారులో పైనున్న లైటు వేసి స్విచ్ నొక్కండి. అద్దం కదలకపోయినా లైటు కొంచెం తగ్గిందంటే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, అద్దం ఎక్కడో బిగుసుకుంది లేదా మోటారే పోయింది. లైటు చలించలేదంటే కరెంటు పారడం లేదు, వైరో స్విచ్చో, మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లో చూడాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఆగేముందు అద్దం ఈడుస్తూ, నెమ్మదిస్తూ ఆగుతుంటే అది చాలావరకు కరెంటు జబ్బు కాదు. పక్కల రబ్బరు బీడింగులు మన ఎండలకు గట్టిపడి అద్దాన్ని పట్టేస్తాయి. దుమ్ము తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలు, దయచేసి ఇంజను ఆయిలూ గ్రీజూ పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బిగుసుకున్న అద్దాన్ని పదే పదే నొక్కితే మోటారు వేడెక్కి లోపలి రక్షణ కరెంటు ఆపేస్తుంది. ఐదారు నిమిషాలు చల్లారాక మళ్లీ తిరుగుతుంది. "కాసేపాగితే అదే పనిచేస్తుంది" అని చాలామంది చెప్పేది ఇదే. స్విచ్ నొక్కి పట్టుకుని, మోటారు ఉన్నచోట డోరు ప్యాడ్ మీద అరచేత్తో తడితే కదిలిందంటే, ఆ మోటారు కార్బన్లు అరిగాయి. అప్పుడు మాత్రం మోటారు మార్చడం సబబే. వెనక అద్దాలు లోపలివాళ్లు నొక్కితే పనిచేయకపోతే ముందు డ్రైవరు దగ్గరి లాక్ బటన్ చూడండి. ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు మాత్రం వేయకండి. ఫ్యూజు పోవలసిన చోట వైరు కాలుతుంది.

దారిలో అద్దం ఆగిపోతే, బండి రోడ్డు దిగి పక్కకు ఆపండి. ఇంజను నడుస్తూ ఉండనివ్వండి, బ్యాటరీ ఒక్కదాని మీద పన్నెండున్నర వోల్టులుంటే ఇంజను నడుస్తుంటే పద్నాలుగు దాకా వస్తుంది. బండ్లు రాని సమయం చూసుకుని, స్విచ్ పైకి లాగి పట్టుకుని డోరు కొంచెం తీసి మూయండి. కదలకపోతే, పక్కవాళ్లు స్విచ్ పట్టుకోగా మీరు అద్దానికి రెండు వైపులా అరచేతులు ఆనించి పైకి నెట్టండి. ఆ రోజు నాకు ఈ సంగతి తట్టి ఉంటే నా భార్య అంతసేపు చెయ్యి చాచుకుని కూర్చునే పని ఉండేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మెకానిక్ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. డోరు తెరవకుండా పని చేసే మెకానిక్ ఎక్కడుంటాడు? అతను డోరు తెరవగానే జబ్బు దాక్కుంటోంది. నేను కొత్త వైరు వేశాక అతని దగ్గరికే వెళ్లి కోసి తీసిన పాత ముక్క చూపించాను. చేతిలోకి తీసుకుని రెండు మూడుసార్లు లాగి చూశాడు. తర్వాతి వారం ఇంకో కారుకు అదే చోట పట్టుకున్నానని ఫోను చేసి చెప్పాడు. ఆ ఫోను వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన రెండు జిల్లాల ఐటీఐలలో మోటారు మెకానిక్ పిల్లలకు పాఠం చెప్పే మాస్టర్లు ఇలాంటి తెగిన వైరు ముక్క ఒకటి క్లాసులో తిప్పి చూపించాలని నా కోరిక. కావాలంటే నా దగ్గరున్నది ఇస్తాను.

అమ్మా, మీరు బేరం కుదుర్చుకునే ముందు ఒక్కసారి డోరు మూసి, నాలుగు అద్దాలూ నొక్కి చూడండి. తర్వాత స్విచ్ మీద వేలు ఉంచి, పనిచేయని ఆ డోరునూ డ్రైవరు డోరునూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా తెరవండి. అద్దం కదిలితే మీ కారుకు వచ్చింది రెండు వందల రూపాయల జబ్బు. ఏం దొరికిందో ఈ పేజీకే ఒక ఉత్తరం రాయండి. ప్రతి ఆదివారం వెతుక్కుంటూ ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత కేబుల్ జాయింటర్,
కావలి, నెల్లూరు జిల్లా.